గోడ మీది రంగుల కార్డు

“విషం కలిపాడని రాయండి నాన్నగారూ. అనుమానంగా ఉందని రాస్తే వాళ్ళు పట్టించుకోరు,” అన్నాడు సూర్యతేజ.

అరుగు మీద కుర్చీలో కూర్చున్న చంద్రశేఖర్ గారు కలం ఆపి, సగం దాకా నిండిన కాగితాన్ని ఒకసారి చదువుకున్నారు. తర్వాత కొడుకు చెప్పిన మాటే రాశారు.

గుమ్మం లోపల నిలబడ్డ కుసుమకి ఆ కలం గీసుకుపోతున్న చప్పుడు వినబడింది. మామగారు ఒత్తి రాస్తారు. ఆయన రాసింది కింద కాగితం మీద కూడా పడుతుంది.

మూడున్నరైంది. ఐదింటికల్లా ఫిర్యాదు తెచ్చిస్తే కేసు కడతామని స్టేషన్ వాళ్ళు చెప్పి పంపారు. ఆ కాగితం వచ్చేదాకా ఒక మనిషి అక్కడ బల్ల మీద కూర్చుని ఉంటాడు. నిన్న మధ్యాహ్నం నుంచీ కూర్చునే ఉన్నాడు.

ఆ మనిషి సత్తిబాబు. పదకొండేళ్ళుగా వీళ్ళ చేపల చెరువు గట్టు మీద పాకలో కాపురం ఉంటున్నాడు.

నిన్న తెల్లారేసరికి కొల్లేట్లోని ఆ పన్నెండెకరాల చెరువులో బొచ్చె చేపలూ, శీలావతి చేపలూ పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఒక్కటి మిగల్లేదు. ట్రాక్టర్లకెత్తి గోతుల్లో పూడ్చడానికి సాయంత్రం దాకా పట్టింది. భీమడోలులో వీళ్ళ ఇంటికి చెరువు పది కిలోమీటర్ల దూరం. అయినా ఆ వాసన సూర్యతేజ బట్టల్లో ఇంటికి వచ్చేసింది. రెండుసార్లు ఉతికినా పోలేదు.

గట్టు మీద పురుగుమందు డబ్బా ఒకటి దొరికింది. పక్కన వరిచేలున్న చోట అలాంటివి వెతికితే ఇంకో నాలుగు దొరుకుతాయి. కానీ సరిగ్గా వారం క్రితం సత్తిబాబు ఈ అరుగు ముందు నిలబడి చంద్రశేఖర్ గారితో మాటామాటా అనుకున్నాడు. డబ్బానీ ఆ గొడవనీ కలిపి చెప్పుకోవడానికి చుట్టుపక్కల చెరువుల వాళ్ళకి పూట కూడా పట్టలేదు.

ఆ గొడవకి కారణమైన వస్తువు ఇంకా వంటింటి గోడకి మేకు మీద వేలాడుతూనే ఉంది.

అరచెయ్యంత కార్డు. దాని మీద ఐదు రంగుల గడులు. పై గడి పసుపు, కింది గడి ముదురు ఆకుపచ్చ. చెరువు నీళ్ళు గాజుగొట్టంలో పట్టి, అందులో మందు చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగితే నీళ్ళు రంగు మారతాయి. పసుపైతే చేపకి హాయి. ఆకుపచ్చలోకి తిరిగే కొద్దీ నీళ్ళలో అమ్మోనియా పెరుగుతున్నట్టు. అప్పుడు మేత ఆపెయ్యాలి, నీళ్ళు మార్చాలి.

పరీక్ష పెట్టెలో కార్డు ఒకటే వచ్చింది. నిజానికి అది గొట్టం పక్కన, చెరువు దగ్గర ఉండాల్సింది. చంద్రశేఖర్ గారు మొదటి రోజే దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేశారు. మేత సంగతి ఇంట్లో తేలాలి గానీ పాకలో కాదన్నారు.

అప్పట్నుంచీ సత్తిబాబు రోజూ పొద్దున్నే చెరువు దగ్గరి టాబ్లెట్‌తో గొట్టానికి ఫొటో తీసి పంపడం, కుసుమ ఇంట్లో టాబ్లెట్ తెర మీద ఫొటోనీ గోడ మీద కార్డునీ మార్చి మార్చి చూడడం. ఫొటో కింద సత్తిబాబు గొంతుతో ఎప్పుడూ ఒకటే మాట ఉండేది. ‘సంచులు కట్టమంటారా అమ్మా?’ తవుడు నింపి చిల్లులు పెట్టిన సంచుల్ని చెరువులో కర్రలకి కడితే చేపలు వచ్చి తింటాయి. బీయస్సీ చదివిన కోడలు రంగు చూసి కట్టమంటే కడతాడు, వద్దంటే మానేస్తాడు.

చేపలు తేలడానికి ముందు పదిరోజులూ కుసుమ కట్టమనే చెప్పింది.

వారం క్రితం సత్తిబాబు సైకిలు తొక్కుకుంటూ ఇంటికే వచ్చాడు. పొద్దుటి పూట చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయని, ఆ కార్డు ఒక్కరోజు తనకిస్తే గొట్టం పక్కన పెట్టి చూసుకుంటానని అడిగాడు. చంద్రశేఖర్ గారికి కోపమొచ్చింది. కోడలి కళ్ళకంటే నీ కళ్ళు మంచివా అన్నారు. సత్తిబాబు కూడా ఆ రోజు తగ్గలేదు. నీళ్ళలో ఉండేది నేనండీ అన్నాడు.

అప్పుడు కుసుమే గుమ్మంలోకొచ్చి చెప్పింది. “రంగు బానే ఉందండి సత్తిబాబుగారూ. కంగారు పడకండి.”

ఆయన ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, తలాడించి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ చూపు నిన్నటి నుంచీ కుసుమని వదలడం లేదు.

* * *

గేటు బయట వీరదుర్గ పొద్దున్నుంచీ నిలబడి ఉంది. సత్తిబాబు భార్య. ఆమెను ఎవరూ లోపలికి రమ్మనలేదు, ఎవరూ పొమ్మనలేదు. చంద్రశేఖర్ గారు కుర్చీని గేటు కనబడకుండా కొంచెం తిప్పి వేసుకున్నారు.

కుసుమ పెరటి వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళి చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. వీరదుర్గ అందుకుంది గానీ తాగలేదు.

“ఒక్క మాట అడుగుతానమ్మా. మీరు కట్టమనకుండా ఆయన ఏ రోజైనా సంచి కట్టాడా?”

“లేదు.”

“మీరు వద్దన్న రోజు కట్టాడా?”

“లేదు దుర్గమ్మా.”

“మరి అంత ఆకుపచ్చగా ఉంటే ఎందుకు కట్టమన్నారు?”

కుసుమకి మొదట అర్థం కాలేదు. “ఆకుపచ్చ ఏంటి?”

“ఆయన ఫొటో తీసేటప్పుడు గొట్టం పట్టుకునేది నేనే కదమ్మా. మొన్న పొద్దున్న గుర్రపుడెక్క ఆకులా ఉంది. ఏంటి ఇలాగుందీ అన్నాను. ఇంట్లో కార్డుంది, చదువుకున్నావిడ చూస్తోంది, నువ్వూరుకో అన్నాడు.”

వీరదుర్గ గొంతు పెంచలేదు. చెంబు గోడ మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

కుసుమకి మొన్నటి ఫొటో బాగా గుర్తుంది. పై నుంచి రెండో గడి. కొంచెం ముదిరిన పసుపు. నిమ్మకాయ రంగుకి కాస్త అటూ ఇటూ. ఆకుపచ్చ కానే కాదు.

ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడాలి. లేదా ఒకరి కళ్ళు ఆడాలి.

* * *

చెరువు దగ్గర టాబ్లెట్‌ని నిన్ననే సూర్యతేజ సత్తిబాబు చేతిలోంచి లాక్కుని తెచ్చి ఫ్రిజ్ మీద పడేశాడు. ఇంట్లోది అత్తగారి మంచం పక్కన ఉంది. అత్తగారు నిద్రపోతోంది. కుసుమ రెండూ తెచ్చి భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

వాటిని కొన్న రోజు ఆమెకి గుర్తుంది. తాడేపల్లిగూడెంలో కొట్టు. ఇంచుమించు ఒకటే ధర పెట్టిన టాబ్లెట్లు రెండు, వేరువేరు కంపెనీలవి. సూర్యతేజ గంటన్నర సేపు రెంటినీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. కొట్టతను ఓపిగ్గానే చెప్పాడు. ఒకదాని తెర మంచిదండి, ఎండలో కూడా రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి, కానీ లోపల సాఫ్ట్‌వేర్ చప్పగా ఉంటుంది, కంపెనీ ఇచ్చినట్టే వాడుకోవాలి. రెండోదాని తెర కొంచెం మసకండి, పక్కనుంచి చూస్తే రంగులు వెలిసినట్టుంటాయి, కానీ దీన్ని మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు, బొమ్మలు మార్చుకోవచ్చు, తెర రంగు కూడా మార్చుకోవచ్చు.

రంగు చూసి చెప్పేది ఇంట్లో కాబట్టి మంచి తెర ఇంట్లో ఉండాలని కుసుమ అంది. సూర్యతేజ నవ్వాడు. ఎండలో నిలబడి ఫొటో తీసే వాడికి మంచి తెర కావాలన్నాడు. మసక తెరది అమ్మకి పనికొస్తుంది, పెద్దక్షరాలు పెట్టిస్తానన్నాడు. అది సబబుగానే అనిపించింది. రెండూ కొన్నారు.

ఇప్పుడు కుసుమ రెంటిలోనూ మొన్నటి ఫొటో తెరిచింది.

చెరువు టాబ్లెట్‌లో గొట్టం నిండా ఆకుపచ్చ. వీరదుర్గ చెప్పిన గుర్రపుడెక్క ఆకు రంగు.

ఇంటి టాబ్లెట్‌లో అదే గొట్టం, అదే వేలు, అదే గోరు. రంగు మాత్రం పసుపు.

మేకు మీంచి కార్డు తీసి మధ్యలో పెట్టింది. ఒకటి రెండో గడి. ఇంకొకటి నాలుగో గడి.

అటు ముందు రోజు ఫొటో తెరిచింది. ఆ ముందు రోజుది. ఇంకా వెనక్కి. చెరువు టాబ్లెట్‌లో ఆకుపచ్చ రోజురోజుకీ ముదురుతూ వచ్చింది. ఇంటి టాబ్లెట్‌లో పదిరోజులూ పసుపే. పది రోజులూ ఆమె ఆ పసుపుని చూసి, తవుడు సంచులు కట్టించి, కుళ్ళుతున్న నీళ్ళలోకి ఇంకా మేత దింపించింది.

ఇంటి టాబ్లెట్‌లో తెల్లగా ఉండాల్సిన చోటు కూడా తెల్లగా లేదని అప్పుడు గమనించింది. పాలలో పసుపు కలిపినట్టుంది. రోజూ చూసే కళ్ళు దాన్నే తెలుపనుకున్నాయి.

“ఏవండీ, ఒకసారి రండి,” అని పిలిచింది.

సూర్యతేజ వచ్చాడు. బల్ల వైపు చూశాడు. ఎడమ తెర, కార్డు, కుడి తెర.

అతను ఆశ్చర్యపోతాడని ఆమె అనుకుంది. అతను ఆశ్చర్యపోలేదు. బొటనవేలు ఇంటి టాబ్లెట్ పైఅంచు దాకా వెళ్ళి, అక్కడే ఆగి, వెనక్కొచ్చింది.

“మసక తెర కదా,” అన్నాడు. “ప్యానెల్ తేడా.”

“ఏ తేడా అయితేనేం, చేపలు దీని వల్ల పోయాయి. విషం వల్ల కాదు. మావయ్యగారికి చూపిద్దాం.”

“ఆగు కుసుమా. చూపిస్తే ఏమవుతుందో ఆలోచించావా?” అతని గొంతు బాగా తగ్గింది. “కళ్ళతో చూసి చేసే పనికి ఈ గాజు పలకలెందుకురా అని ఆయన నెత్తీ నోరూ కొట్టుకున్నారు. నేనే పట్టుబట్టాను. ఇప్పుడు పన్నెండెకరాల చెరువూ దీని వల్లే పోయిందని తెలిస్తే, ఇక నన్ను చెరువు గట్టు తొక్కనివ్వరు. ఈ ఇంట్లో నా మాటకి విలువుండదు.”

“అక్కడ మనిషి కూర్చుని ఉన్నాడండీ.”

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడి నుంచి గేటు కనిపిస్తుంది. గేటు దగ్గర వీరదుర్గ కూడా కనిపిస్తుంది.

“సరే,” అన్నాడు. “వెళ్ళి నాన్నగారిని పిలువు.”

కుసుమ గబగబా అరుగు మీదికి వెళ్ళింది. సంతకం పెట్టకండి, ఒక్క నిమిషం లోపలికి రండని మామగారిని బతిమాలింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని లేచేసరికి రెండు నిమిషాలు పట్టింది.

ఆ రెండు నిమిషాలు చాలాయి.

* * *

“ఏదమ్మా తేడా?” అన్నారు చంద్రశేఖర్ గారు.

కుసుమ బల్ల వైపు చూసింది. రెండు తెరల మీదా గొట్టం ఆకుపచ్చగానే ఉంది. ఇంటి టాబ్లెట్‌లో కొంచెం వెలిసినట్టుంది, అంతే. కానీ ఆకుపచ్చే. తెల్లగా ఉండాల్సిన చోటు తెల్లగానే ఉంది.

ఆమె మొగుడి వైపు చూసింది. అతను కిటికీ దగ్గర నిలబడి గోడ గడియారం చూస్తున్నాడు.

“ఇందాక ఇది పసుపుగా ఉందండి మావయ్యగారూ. నేను చూశాను. ఈయనకీ చూపించాను.”

“తేజా?”

“రెండ్రోజుల్నుంచీ సరిగ్గా నిద్రలేదు నాన్నగారూ తనకి,” అన్నాడు సూర్యతేజ. ఎంతో మెత్తగా అన్నాడు.

చంద్రశేఖర్ గారు కార్డుని తెర పక్కన పెట్టి వంగి చూశారు. నిటారుగా లేచారు.

“ఇంత ఆకుపచ్చ కనబడుతుంటే మేత వెయ్యమన్నావామ్మా?”

ఆమెకి రెండు దారులున్నాయి. పసుపుగా కనబడిందని మళ్ళీ చెప్పొచ్చు. ఎవరూ నమ్మరు. ఇంకోటి చెప్పొచ్చు.

“అన్నానండి. సంచులు కట్టమంది నేనే. అయితే చేపలు చచ్చింది నా మాట వల్ల. సత్తిబాబుగారి వల్ల కాదు. ఆ కాగితం చింపెయ్యండి.”

“ఇంటికోడలు రంగు పోల్చుకోలేక చెరువు చంపేసిందని రాసివ్వనా అయితే?” ఆయన గొంతులో కోపం లేదు, విసుగుంది. “నీ పొరపాటు ఇంట్లో ఉండనీ. బయట పెట్టుకోనక్కర్లేదు. నేను చూసుకుంటాను.”

అది దయ అని ఆయన నమ్ముతున్నారని ఆమెకి తెలిసింది. అందుకే మరీ భయమేసింది.

చంద్రశేఖర్ గారు కలం తీశారు. నిలబడే, బల్ల మీదికి వంగి, కాగితం విప్పారు.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. అత్తగారు విజయకుమారి గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. ఏలూరులో కంటి ఆపరేషనై పన్నెండు రోజులైంది. నల్లకళ్ళద్దాలు తియ్యకూడదన్నారు. నాలుగింటికి టాబ్లెట్‌లో వచ్చే ప్రవచనం వినకపోతే ఆవిడకి సాయంత్రం గడవదు. తడుముకుంటూ బల్ల మీది తన టాబ్లెట్ అందుకుంది, కళ్ళద్దాల సందులోంచి ఒకసారి చూసింది, చప్పున మొహం తిప్పుకుంది.

“ఒరే తేజా, మళ్ళీ తెల్లగా చేసేశావేంట్రా దీన్ని?” అంది. “కళ్ళల్లో పొడుస్తోంది. ఆపరేషనయ్యి వచ్చిన రోజున పసుపుగా పెట్టావే, అలాగే ఉంచు నాయనా. రాత్రీ పగలూ అలాగే ఉండేలా పెట్టానన్నావు కదా. హాయిగా ఉండేది.”

చంద్రశేఖర్ గారి కలం కాగితం మీదే ఆగింది.

వంటింట్లో కుళాయి చుక్కలుగా కారుతోంది. అది ఎన్నాళ్ళుగానో కారుతోంది. ఇవాళే అందరికీ వినబడింది.

పన్నెండు రోజులు. కుసుమ మనసులో లెక్క కుదిరిపోయింది. తల్లి కళ్ళు నొప్పెడుతున్నాయని కొడుకు ఒక మీట నొక్కాడు. పెళ్ళానికి చెప్పడం మర్చిపోయాడు. అంతవరకూ అది పాపం కాదు. నిన్న తెల్లారి చెరువు గట్టు మీద నిలబడి, తెల్లటి పొట్టల్ని చూస్తున్నప్పుడు అతనికి ఆ మీట గుర్తొచ్చి ఉంటుంది. ఆ తర్వాతే అతను పురుగుమందు డబ్బా వెతికాడు.

“ఏమైందిరా? ఏమ్మా కుసుమా, ఎవరూ పలకరేం?” అంది అత్తగారు నల్లద్దాల్లోంచి అటూ ఇటూ చూస్తూ.

చంద్రశేఖర్ గారు కొడుకుని చూశారు. చాలాసేపు చూశారు. సూర్యతేజ తల ఎత్తలేదు. తర్వాత ఆయన చూపు బల్ల మీది కార్డు మీద పడింది. మొదటి రోజున తాను జేబులో పెట్టుకుని తెచ్చిన కార్డు. అది చెరువు దగ్గరే ఉండుంటే, ఏ తెర ఏ రంగులో ఉన్నా సత్తిబాబు గొట్టం పక్కన పెట్టి చూసుకునేవాడు.

ఆయనకీ అది తట్టింది. తట్టినట్టు కుసుమకి ఆయన మొహంలో కనబడింది. కాగితం చింపుతారనే అనుకుంది.

ఆయన సంతకం పెట్టారు.

ఒత్తి పెట్టారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొడుక్కిచ్చారు.

“చుట్టూ ఉన్న చెరువుల వాళ్ళందరికీ చెప్పుకున్నాం. ఇప్పుడు కాదని ఏ మొహంతో అంటాం,” అన్నారు. “వెళ్ళు. ఐదింటికల్లా అందాలి.”

కుర్చీ లోపలికి తెచ్చుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నారు.

* * *

సూర్యతేజ బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాడు. కుసుమ అతన్ని ఆపలేదు. ఏడవలేదు. అతను గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు, ఆమె ఏదో ఒకటి అంటుందని.

“అత్తయ్యగారూ, అదొకసారి ఇవ్వండి,” అని టాబ్లెట్ తీసుకుంది.

మొగుడి బొటనవేలు ఇందాక ఎక్కడ ఆగిందో ఆమెకి గుర్తుంది. పైఅంచు నుంచి కిందికి లాగింది. వరసగా చిన్న చిన్న బొమ్మలు. చివర్లో కన్ను బొమ్మ. దాని మీద వేలు పెట్టింది.

తెర పసుపైపోయింది. గొట్టంలో ఆకుపచ్చ కూడా పోయింది. పది రోజులుగా తను చూసిన రంగు తిరిగి వచ్చింది.

“అదీ,” అంది అత్తగారు తృప్తిగా. “ఇప్పుడు బాగుంది. ఇలా ఇవ్వు.”

“మళ్ళీ తెచ్చిస్తానండి.”

రెండు టాబ్లెట్లూ, మధ్యలో కార్డూ సంచిలో పెట్టుకుంది. మామగారి కుర్చీ పక్కనుంచే నడిచింది. ఆయన చూశారు. కార్డు లేని బల్లనీ, మేకు మాత్రమే మిగిలిన గోడనీ కూడా చూశారు.

బండి స్టార్టయింది.

కుసుమ మెట్లు దిగి, చెప్పులేసుకుని, వెళ్ళి సూర్యతేజ వెనక కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది.

“నువ్వెక్కడికి?” అన్నాడు అతను, వెనక్కి తిరగకుండా.

“మీరెక్కడికి వెళ్తే అక్కడికి.”

“దిగు కుసుమా.”

“మీరు కాగితం ఇవ్వండి. నేను ఇవి స్టేషన్ వాళ్ళ బల్ల మీద పెడతాను. ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ. మధ్యలో కార్డు. సంచులు కట్టమంది నేనేనని చెబుతాను. ఈ మీట ఎవరు నొక్కారని వాళ్ళు అడుగుతారు. అది మాత్రం మీరు చెప్పాలి.”

వీరదుర్గ గేటు దగ్గర నుంచి ఇద్దర్నీ చూసింది. ఏమనుకుందో, గొళ్ళెం తీసి గేటు రెక్కలు రెండూ బార్లా తెరిచి పట్టుకుంది.

ఇంజను తిరుగుతూనే ఉంది. సూర్యతేజ కాలు నేల మీంచి లేవలేదు.